పొట్టకు అంటుకునే అమాక్సిసిల్లిన్ ట్యాబ్లెట్: ఏ డిజైన్ మేలు?

అమాక్సిసిల్లిన్ అనే యాంటీబయాటిక్ హాఫ్ లైఫ్ (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం) గంటకు కాస్త అటూ ఇటూ. అల్సర్‌కు కారణమయ్యే హెలికోబ్యాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా ఏమో జీర్ణాశయపు జిగురుపొరలో కాపురం పెడుతుంది. అందుకే పొట్ట గోడకు అంటుకుని, 8 గంటలపాటు కొద్దికొద్దిగా మందు వదిలే ట్యాబ్లెట్ కావాలంటాం. అంటుకోవడానికి కార్బోపాల్ 934పీ, విడుదల నెమ్మదించడానికి హెచ్‌పీఎంసీ కే4ఎం అనే పాలిమర్లు వేస్తాం. ఏది ఎంత వేయాలన్నదే అసలు సమస్య. అది తేల్చడానికి ఏయే మోతాదుల్లో ఎన్ని బ్యాచ్‌లు చేసి చూడాలన్న ప్రణాళికే ఇక్కడ డిజైన్.

నా ఎం.ఫార్మసీ ప్రాజెక్టులో మొదట ఒక్కోటి మార్చుకుంటూ పోయాను. హెచ్‌పీఎంసీని కదపకుండా కార్బోపాల్ మార్చడం, తర్వాత కార్బోపాల్‌ను ఆపి హెచ్‌పీఎంసీ మార్చడం. మూడు వారాలు పోయాయి. కార్బోపాల్ తక్కువున్నప్పుడు హెచ్‌పీఎంసీ పెంచితే కనిపించిన తేడా, కార్బోపాల్ ఎక్కువున్నప్పుడు కనిపించదు. రెండూ ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయి. ఆ సంగతి ఈ పద్ధతిలో బయటపడదు. దీన్ని ఎవరికీ సిఫార్సు చేయను.

రెండు పాలిమర్లే ఉంటే నా ఓటు 3² ఫ్యాక్టోరియల్‌కే. అంటే ఒక్కోదానికి తక్కువ, మధ్య, ఎక్కువ మోతాదులు తీసుకుని అన్ని జతలూ చేయడం. మొత్తం 9 బ్యాచ్‌లు. కానీ ఫలితాలకు సరిపెట్టే వర్గ సమీకరణంలో 6 గుణకాలు ఉంటాయి కాబట్టి, దాని తప్పు ఎంతో అంచనా వేయడానికి మిగిలేది 3 బ్యాచ్‌ల పాటి సమాచారం మాత్రమే. ఆర్ స్క్వేర్ (సమీకరణం ఫలితాలకు ఎంత సరిపోయిందో చెప్పే సంఖ్య, గరిష్ఠం 1) 0.99 వచ్చిందని సంబరపడితే మోసపోతాం. మధ్య బ్యాచ్‌ను ఇంకో మూడు నాలుగు సార్లు చేయండి. అప్పుడే మన చేతి తేడా ఎంతో, మోడల్ తప్పు ఎంతో విడిగా తెలుస్తుంది.

సెంట్రల్ కాంపోజిట్ డిజైన్‌లో రెండు పాలిమర్లకు సాధారణంగా 13 బ్యాచ్‌లు. ఒక్కో పాలిమర్‌ను విడిగా చివరికి తీసుకెళ్లే దాని బిందువులు, మధ్య నుంచి పరిధి అంచుకున్న దూరానికి 1.414 రెట్లు దూరం వెళ్తాయి. కార్బోపాల్ పరిధి 10–20 శాతం అనుకుంటే, 7.9 శాతం దగ్గరా 22.1 శాతం దగ్గరా కూడా ట్యాబ్లెట్ కొట్టాలి. కార్బోపాల్ పొడి అసలే సరిగా జారదు. అంత ఎక్కువ వేస్తే బరువు తేడాలతో టెన్షన్. పోనీ ఆ బిందువులను పరిధి లోపలికే తెస్తే మిగిలేవి 3² లోని ఆ 9 బిందువులే! కాబట్టి ఇక్కడ పేరు గురించి వాదన అనవసరం.

కంప్రెషన్ ఫోర్స్ (ట్యాబ్లెట్‌ను నొక్కే బలం) లాంటి మూడో అంశం చేరితే లెక్క మారుతుంది. పూర్తి ఫ్యాక్టోరియల్‌కు 27 బ్యాచ్‌లు, బాక్స్–బెన్‌కెన్ అనే డిజైన్‌కు 15. రోజుకో డిసల్యూషన్ (మందు విడుదల పరీక్ష) చేసేవాళ్లకు 12 రోజులు మిగిలినట్టే. పైగా అన్నీ గరిష్ఠంగా ఉండే మూలల జోలికి బాక్స్–బెన్‌కెన్ పోదు. మందు లోపలే చిక్కుకుపోయే అలాంటి ట్యాబ్లెట్లు మనకెలాగూ అక్కర్లేదు. కాకపోతే మంచి ఫార్ములా మూలలోనే ఉందని సాఫ్ట్‌వేర్ చెబితే మాత్రం నమ్మకండి, ముందు పరిధి జరపండి.

ఏ డిజైన్ తీసుకున్నా బ్యాచ్‌ల వరుసను లాటరీ తీసి నిర్ణయించండి. అంటుకునే బలం కొలవడానికి మాంసం కొట్టు నుంచి తెచ్చే మేక పొట్ట ఏ రెండు రోజులూ ఒకేలా ఉండదు. ఆ తేడాను కార్బోపాల్ ఖాతాలో రాసేసే ప్రమాదం ఉంది.