జాగ్రత్త: ఆ బల్క్ హూయిజ్ టూల్ కొనకండి

హూయిజ్ అంటే ఒక డొమైన్ (వెబ్‌సైట్ పేరు) ఎవరి పేరిట రిజిస్టరైందో చూపే సర్వీస్. అలా వేల డొమైన్ల వివరాలు ఒక్క క్లిక్‌తో లాగేస్తామంటూ లైఫ్‌టైమ్ లైసెన్స్ అమ్ముతున్న ఆ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ గురించే ఇది. డొమైన్ల పనిలో ఉన్నవాళ్లకు దాని ప్రకటన కనిపించే ఉంటుంది. డబ్బు పోయిందన్న బాధ కన్నా అమ్మినవాళ్లు మాట్లాడిన తీరుకే ఎక్కువ ఒళ్లు మండుతోంది.

క్లయింట్ ఇచ్చిన డొమైన్ల లిస్ట్ ఎక్కించాను. మొదట్లో బాగానే వచ్చాయి. కాసేపటికి వరసపెట్టి అన్నీ పచ్చరంగులో "ఖాళీగా ఉంది" అని. అందులో క్లయింట్ సొంత డొమైన్ కూడా ఉంది! సైట్ నడుస్తోంది, మెయిల్స్ వస్తున్నాయి, ఇది మాత్రం ఆ పేరు ఎవరూ తీసుకోలేదంటుంది. టూల్ చేసినవన్నీ రాసుకునే లాగ్ ఫైల్ తెరిస్తే విషయం తేలింది. హూయిజ్ క్వెరీలు వెళ్లే పోర్ట్ 43 దగ్గర అవతలి సర్వర్ "పరిమితి దాటింది" అని తిప్పికొట్టింది. ఒకే ఐపీ (ఇంటర్నెట్ అడ్రస్) నుంచి అన్నేసి క్వెరీలు వెళ్తే హూయిజ్ సర్వర్లు ఆపేస్తాయి, అది మామూలే. కానీ జవాబు రానప్పుడు రాలేదని చూపించాలి కదా! ఈ టూల్ దాన్నే "ఖాళీ" అని రాసేస్తోంది. ఆ రిపోర్ట్ అలాగే పంపి ఉంటే క్లయింట్ ముందు నా పరువు ఏమయ్యేది?

ఆ లాగ్ స్క్రీన్‌షాట్ సపోర్ట్‌కి పంపాను. వచ్చిన జవాబు: "టూల్‌లో లోపం లేదు, మీకు వాడటం రాదు. మా దగ్గర ప్రాక్సీలు కొనుక్కోండి." (ప్రాక్సీలంటే క్వెరీలు వేరే ఐపీల నుంచి వెళ్లేలా చేసే మధ్యవర్తి సర్వర్లు.) లాగ్‌లో ఉన్న లైన్ గురించి ఒక్క ముక్క లేదు. రీఫండ్ అడిగితే టికెట్ మూసేశారు. మర్నాడు టూల్ తెరిస్తే లైసెన్స్ కీ చెల్లదని వచ్చింది. డబ్బు కట్టినవాళ్లతో ఇలాగేనా ప్రవర్తించేది?

ఓనర్ల ఈమెయిల్స్ ఇస్తామన్న మాట కూడా నమ్మొద్దు. 2018లో యూరప్ డేటా గోప్యతా చట్టం జీడీపీఆర్ వచ్చాక చాలా డొమైన్లకు ఆ వివరాలు దాచేస్తున్నారు. పైగా 2025 జనవరి 28 నుంచి డాట్ కామ్ లాంటి వాటికి పాత హూయిజ్ సర్వీస్ నడపాలన్న నిబంధనే లేదు, దాని స్థానంలో అవే వివరాలు ఇచ్చే ఆర్‌డీఏపీ అనే కొత్త పద్ధతి వచ్చింది. ఈ టూల్‌లో ఆ సపోర్టే లేదు. ఆర్‌డీఏపీలో అయితే రికార్డు లేకపోతే 404 కోడ్, పరిమితి దాటితే 429 కోడ్ అని వేరువేరుగా చెప్పే వీలుంది.

ఏ టూల్ కొన్నా ముందు ట్రయల్‌లో మీ సొంత డొమైన్లు పెద్ద లిస్ట్ చివర్లో కలిపి చూడండి. ఒకటీ అరా అయితే డొమైన్ల వ్యవస్థను చూసుకునే సంస్థ ఐకాన్ (ICANN) లుకప్ పేజీలో ఉచితంగానే చూసుకోవచ్చు.