ఎద సూది శిక్షణకు బెంగళూరు పోయేవాళ్లు ఎక్కడ దిగాలి

పలమనేరు, పుంగనూరు వైపు పాడి మీద బతికే మాకు బెంగళూరు దూరమేమీ కాదు. ములబాగిలు, కోలారు మీదుగా బస్సు పట్టుకుంటే సరిపోతుంది. ఊళ్లలో పశువులకు ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేసే గోపాలమిత్రగా పనిచేస్తున్నాను కనుక పశువుల పునరుత్పత్తి మీద అక్కడ శిక్షణ జరిగితే వీలు చేసుకుని పోతాను. మా వాళ్లు ముందు అడిగేది, "లాడ్జి ఎక్కడ బాగుంటుందన్నా?" అని. శిక్షణ ఇచ్చే పశువుల కొట్టానికి నడిచిపోయేంత దగ్గర్లో ఉండమని చెప్తాను.

ఎద (పశువు జతకు సిద్ధమయ్యే సమయం) లక్షణాలు ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున బయటపడతాయి. ఎద ఉండేదే 12 నుంచి 18 గంటలు. మెజెస్టిక్ బస్టాండు దగ్గర లాడ్జిలో దిగితే వేడినీళ్లు, మంచి పరుపు, మెట్లు దిగగానే ఇడ్లీ దొరుకుతాయి. కానీ శిక్షణ జరిగే హెబ్బాళ వైపు ట్రాఫిక్ దాటి పది గంటలకు చేరేసరికి ఆవు నిమ్మళంగా నెమరేస్తూ ఉంటుంది. తీగలు వేయడం (మానం నుంచి తీగలా జిగురు కారడం), పక్క ఆవు ఎక్కితే కదలకుండా నిలబడటం కళ్లారా చూడాల్సిన సంగతులు. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయాలన్న లెక్క అప్పుడే ఒంటబడుతుంది. గేదెలకైతే మూగ ఎద (లక్షణాలు బయటికి కనిపించని ఎద) ఎక్కువ, వాటికి ఈ చూపు ఇంకా అవసరం.

అందుకే హెబ్బాళ పశువైద్య కళాశాల ఆవరణలో ఇచ్చిన వసతికే నా ఓటు. 1958 నుంచి ఉన్న కళాశాల, చెట్ల నీడ బాగుంటుంది. గది సాదాగా ఉంది, దుప్పటి మనం తీసుకుపోవడం మంచిది. క్యాంటీన్‌లో రాగిముద్ద, సొప్పు సారు (ఆకుకూర చారు) కడుపునిండా తిన్నాం. ముందు గర్భాశయాలను బల్ల మీద పెట్టి గన్ (వీర్యం వదిలే సన్నటి గొట్టం) దూర్చడం చేయించారు. ముఖద్వారంలోని వలయాలు ఒక్కొక్కటే దాటుతుంటే వేళ్లకు తెలిసే తేడా పుస్తకంలో దొరకదు. చివరి వలయం దాటగానే వీర్యం వదలాలి, ఇంకా లోపలికి పోకూడదు. కన్నడ రాకపోయినా ఇబ్బంది పడలేదు. నేర్పించేవాళ్లలో తెలుగు తెలిసినవాళ్లు ఉన్నారు.

హెసరఘట్ట వేరే రకం. డెన్మార్క్ సాయంతో 1969లో మొదలైన కేంద్ర ఘనీకృత వీర్య ఉత్పత్తి, శిక్షణ సంస్థ అక్కడుంది. మెట్రోలో దాసరహళ్లి దాకా పోయి అక్కణ్ణుంచి బస్సెక్కాలి. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉండే స్ట్రా (వీర్యం నింపిన చిన్న గొట్టం) మన చేతికి వచ్చేలోపు ఎన్ని పరీక్షలు దాటాలో తెలుసుకున్నాక, స్ట్రాలు దాచే నా క్యాన్ మీద నాకు భక్తి పెరిగింది. స్ట్రాను కరిగించడానికి 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు అన్నది నియమం. చొక్కా జేబులో పెట్టుకునో, అరచేతుల్లో రుద్దో కరిగించే అలవాటు మా మండలాల్లో ఇంకా పోలేదు. ఆవు పొర్లితే (చూడి నిలవక మళ్లీ ఎదకొస్తే) నింద మాత్రం ఆవుకే వేస్తాం, అది నాకు బాధ కలిగిస్తుంది.

విమానాశ్రయం రోడ్డులోని ఒక పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకూ పోయాను. ఏసీ హాలు, బిర్యానీ, సంచీ నిండా మందుల కరపత్రాలు. ఆవు బొమ్మ తెరమీదే చూపించారు. ఆ ఫీజు డబ్బుకు మళ్లీ పోను.

బెంగళూరులోనే ఉన్న ఆడుగోడి మాత్రం వదలకండి. 1923లో మొదలైన పాత పాడి పరిశోధన కేంద్రం అది. 1927లో గాంధీజీ అక్కడికి వచ్చి పశుపోషణ నేర్చుకున్నారు. పక్కనే జాతీయ పశు పోషణ, శరీరధర్మ సంస్థ. అక్కడికి పోతే ఏ ప్రాంతానికి తగ్గ ఖనిజ మిశ్రమం ఆ ప్రాంతానికి ఎందుకు తయారు చేయాలో అడగండి. మేపులో ఖనిజాల లోటున్న పడ్డకు (ఇంకా ఈనని పెయ్యకు) ఎన్ని సూదులు వేసినా చూడి నిలవడం కష్టం. పోయేటప్పుడు మీ ఊళ్లో ఏ గడ్డి, ఏ దాణా వేస్తున్నారో రాసుకుని పోండి.