మొదటి ఉల్కాశకలంగా ఏది మేలు: ఇనుపదా, రాతిదా, పల్లసైటా?

ఉల్కాశకలాలను సేకరించాలని నిశ్చయించుకున్నవారికి అంగళ్లలో మూడు రకాలు కనిపిస్తాయి. ఇనుము, నికెల్ కలిసిన లోహపు ముక్కలు మొదటివి, రాతివి రెండవవి, పల్లసైట్ల వంటి, లోహమూ రాయీ కలగలిసినవి మూడవవి. పడుతుండగా మనుషులు చూసి ఏరుకున్నవాటిలో నూటికి తొంభైకి పైగా రాతివే. ఇనుపవి అయిదారు శాతానికి మించవు, మిశ్రమ రకం ఒక శాతం వరకు ఉంటుంది. అయినా కొత్తగా కొనేవారిలో చాలామంది మనసు ఇనుప ముక్క మీదికే పోతుంది. అది చేతికి బరువుగా తగులుతుంది, మామూలు రాయి కాదని చూడగానే తెలుస్తుంది. ఈ మొగ్గు సహజమే గాని, మన వాతావరణాన్నీ, ఆ ముక్క మనకు నేర్పగల విషయాన్నీ, రేపు మరొకరితో మార్చుకోవలసి వస్తే దానికి నిలిచే విలువనూ కలిపి తూచినప్పుడు నిర్ణయం వేరుగా ఉండాలని నేను భావిస్తున్నాను.

ఇనుపవాటిలో అందరికీ సులభంగా దొరికేది అర్జెంటీనాలోని కాంపో డెల్ సియెలో శకలం. చాకో, సాంటియాగో డెల్ ఎస్టెరో రాష్ట్రాల సరిహద్దులో నాలుగైదు వేల ఏళ్ల క్రితం పడిన ఈ లోహరాశిని గురించి స్పానిష్ పాలకులకు 1576లోనే తెలిసింది. అక్కడ 2016లో బయటపడిన గాన్సెడో అనే ఒక్క ముద్దే 30 టన్నులకు పైగా తూగింది. ఇంత విరివిగా దొరికింది కనుకనే ధర తక్కువ. కాని ఈ చవకలో రెండు చిక్కులున్నాయి. వేల ఏళ్లు మట్టిలో పడి ఉన్న లోహం పగుళ్లలోకి నేలలోని క్లోరైడ్లు చేరి ఉంటాయి. తేమ తగిలిన ప్రతిసారీ అవి తుప్పును మళ్లీ రేపుతాయి. రెండవది చట్టానికి సంబంధించినది. అర్జెంటీనా 2007లో ఉల్కాశకలాలను తన సాంస్కృతిక సంపదలో చేర్చింది. కాబట్టి ఈ ముక్క ఆ దేశం నుంచి ఎప్పుడు బయటికి వచ్చిందో అమ్మేవారు చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఎంత చవకగా ఇచ్చినా వదులుకోవడమే మంచిది.

ఇనుపదే కావాలనుకుంటే సిహొటె అలీన్ శకలం అంతకంటే ఎన్నో రెట్లు మేలైనది. 1947 ఫిబ్రవరి 12 ఉదయం రష్యా తూర్పు కొసన ఉన్న ప్రిమోర్యె ప్రాంతంలో సూర్యుని మించిన వెలుగుతో ఒక అగ్నిగోళం దూసుకువచ్చి, గాలిలోనే పగిలి, మంచు కప్పిన అడవిలో టన్నులకొద్దీ ఇనుమును కురిపించింది. ఆ సమయానికి మెద్వెదెవ్ అనే చిత్రకారుడు బొమ్మ వేయడానికి కూర్చుని ఉండి, తాను చూసిన ఆ దృశ్యాన్నే చిత్రించాడు. సోవియట్ ప్రభుత్వం 1957లో ఆ చిత్రంతో తపాలా బిళ్ల విడుదల చేసింది. ఈ శకలాలలో రెండు తరగతులు ఉన్నాయి. పైన ఎత్తులోనే విడిపోయి విడివిడిగా ప్రయాణించినవాటి మీద, తడిమట్టిని బొటనవేలితో నొక్కినట్టు నున్నని గుంటలు ఉంటాయి. నేలకు సమీపంలో పేలిన పెద్ద ముద్దలనుంచి వచ్చినవి మెలితిరిగి, అంచులు చీరుకుపోయి ఉంటాయి. మొదటి తరగతికి ధర ఎక్కువ, అది న్యాయమే. గాలి ఆ లోహాన్ని ఎలా కరిగించి చెక్కిందో ఆ గుంటలు కళ్లకు కట్టినట్టు చూపిస్తాయి.

అయితే ఇనుప శకలాల గురించి చదివినవారు లోపల కనిపించే అడ్డదిడ్డపు గీతల అల్లికను ఆశిస్తారు. సానపట్టిన లోహాన్ని పలుచని నత్రికామ్లంలో తడిపితే నికెల్ తక్కువ ఉన్న పట్టీలు, ఎక్కువ ఉన్న పట్టీలు వేర్వేరుగా తేలి వచ్చే ఆ అల్లికను విడ్‌మాన్‌స్టాటెన్ నమూనా అంటారు. గ్రహశకలం గర్భంలో లోహం లక్షల ఏళ్ల పాటు అతి నెమ్మదిగా చల్లారినందువల్లనే అది ఏర్పడింది. సిహొటె అలీన్ లోహంలో ఈ పట్టీలు మరీ వెడల్పు కనుక చిన్న ముక్కలో అల్లిక కనిపించదు. దాని కోసం స్వీడన్‌లో దొరికిన మువొనియోనాలుస్టా వంటి సన్నని అల్లిక గల శకలపు పలక కొనాలి. ఆ పలక ఎంత అందమైనదో అంత త్వరగా తుప్పు పడుతుంది.

తుప్పు సంగతి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. సేకరణ మీద వచ్చే సలహాలలో ఎక్కువ భాగం అరిజోనా వంటి పొడి ప్రాంతాల అలవాటుతో వచ్చినవి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి ఊళ్లలో సముద్రపు గాలి ఉప్పునూ తేమనూ కలిపి మోసుకువస్తుంది. అక్కడ గాజు బీరువాలో తెరిచి పెట్టిన ఇనుప పలక ఒక వానాకాలం గడిచేసరికి మచ్చలు తేలడం ఖాయం. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి తేమ పీల్చి రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడుతూ ఉండాలి. ముక్కను వట్టి చేతులతో పట్టుకోకూడదు, చెమటలోనూ ఉప్పు ఉంటుంది. హైదరాబాదులోనో అనంతపురంలోనో ఉండేవారికి ఈ బాధ తక్కువ. వారు నిశ్చింతగా సిహొటె అలీన్‌తోనే మొదలుపెట్టవచ్చు.

ఇక రాతి రకానికి వద్దాం. వీటిలో అత్యధికం కాండ్రైట్లు. మిల్లీమీటరు అటూ ఇటూ పరిమాణంలో ఉండే గుండ్రని కణికలు వీటి ప్రత్యేకత. సౌరవ్యవస్థ పుట్టుక తొలి దశలో ధూళి కరిగి బిందువులుగా గట్టిపడగా ఏర్పడిన ఈ కణికలు, సుమారు 456 కోట్ల ఏళ్ల నాటివి, ఇప్పుడు భూమి మీద దొరికే ఏ రాయికన్నా పాతవి. ఇనుప శకలం ఒక చిన్న గ్రహం కరిగి, లోహం అడుగుకు దిగి, చల్లబడిన తర్వాతి కథ చెబుతుంది. కాండ్రైట్ అంతకు ముందటి కథ చెబుతుంది. కరగని పదార్థం కనుక తొలినాటి కణికలు అందులో అలాగే మిగిలి ఉన్నాయి. పది రెట్ల భూతద్దం చాలు, సానపట్టిన పలక మీద ఆ కణికలనూ, వాటి నడుమ మెరిసే లోహపు రవ్వలనూ పాఠశాల పిల్లలు కూడా గుర్తుపట్టగలరు. నా నిర్ణయాన్ని మిగిలిన కారణాలన్నిటికంటే ఇదే ఎక్కువగా మలిచింది.

కాండ్రైట్లలోనూ ఎంపిక ఉంది. 1990ల చివరి నుంచి సహారా ఎడారిలో సంచార జాతులవారు ఏరి మొరాకో అంగళ్లకు చేర్చినవాటికి వాయవ్య ఆఫ్రికా అన్న పేరుతో వరుస సంఖ్యలు ఇస్తారు. వాటిలో 869 సంఖ్య గలది టన్నులకొద్దీ దొరికింది. పలు రకాల తునకలు అతుక్కుని ఏర్పడిన రాయి కావడంతో ఒక్క పలకలోనే వైవిధ్యం కనిపిస్తుంది, ధర విద్యార్థులకు కూడా అందుబాటులో ఉంటుంది. దీనికి పోటీగా నిలిచేది చెల్యాబిన్స్క్ శకలం. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో ఆ నగరం మీది ఆకాశంలో సుమారు 20 మీటర్ల రాయి పేలి, ఆ అదటుకు పగిలిన కిటికీ అద్దాల వల్ల పదిహేను వందల మంది దాకా గాయపడ్డారు. పడిన తేదీ తెలిసిన శకలానికి సేకర్తలలో గౌరవం ఎక్కువ, చెల్యాబిన్స్క్ ముక్కల మీది నల్లని కరిగిన పొర చూడముచ్చటగానూ ఉంటుంది. అయినా చిన్న ముక్కను పైపొరతో చూస్తే లోపలి కణికలు కనబడవు, పైగా దానిలో కణికల అంచులు వేడికి చాలావరకు చెరిగిపోయాయి. చరిత్ర కావాలంటే చెల్యాబిన్స్క్, నేర్చుకోవడానికైతే 869 పలక.

పల్లసైట్ల అందానికి సాటి లేదు. లోహపు వలలో ఆలివిన్ అనే ఖనిజపు తేనెరంగు స్ఫటికాలు పొదిగి ఉంటాయి. పలుచని పలకను దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెలుగు వాటిలోంచి దాటి వస్తుంది. అర్జెంటీనాలోని ఎస్కెల్, చిలీలోని ఇమిలాక్, రష్యాలోని సేయిమ్చాన్ ప్రసిద్ధమైనవి. కాని ఇనుముకున్న తుప్పు గుణానికి తోడు, స్ఫటికం లోహం కలిసే అంచుల వెంట తేమ చొరబడి స్ఫటికాలు ఊడిపోయే ప్రమాదం వీటికి అదనం. ధర కూడా చాలా ఎక్కువ. మొదటి నమూనాగా వద్దు.

మార్పిడి, అమ్మకం దృష్టితో చూస్తే ముక్క ఎంత ముఖ్యమో దానితో వచ్చే చీటీ అంతే ముఖ్యం. పేరు, వర్గం, బరువు, ఎవరి చేతులు మారి వచ్చిందన్న వివరం ఆ చీటీ మీద ఉండాలి. పేరును ఉల్కాశకలాలను అధ్యయనం చేసే శాస్త్రజ్ఞుల సంఘమైన మెటియొరిటికల్ సొసైటీ నిర్వహించే సమాచార నిధిలో సరిచూసుకోవడం ఎవరైనా ఉచితంగా చేయగల పని. కొత్త శకలానికి పేరు ఇవ్వాలంటే 20 గ్రాములు లేదా మొత్తం బరువులో 20 శాతం, ఏది తక్కువైతే అది, ఒక గుర్తింపు గల సంస్థలో భద్రపరచాలన్న నియమం ఉంది. వర్గీకరణ లేని ముక్కలు చవకగా వస్తాయి గాని తిరిగి మార్చుకునేటప్పుడు ఎదుటివారు నమ్మడానికి ఆధారం ఉండదు. అయస్కాంతానికి అంటుకోవడం ఒక్కటే రుజువు కాదు, కొలిమి చిట్టెమూ అంటుకుంటుంది. చిట్టెంలో గాలి బుడగల రంధ్రాలు ఉంటాయి, ఉల్కాశకలాలలో అవి దాదాపు ఉండవు. ముక్క ఎలా చేతులు మారిందో తెలుసుకునే జాగ్రత్త పెద్ద వేలాలకూ వర్తిస్తుంది. నైజర్‌లో దొరికిన 24 కిలోలకు పైగా బరువున్న కుజగ్రహపు రాయి 2025 జులైలో న్యూయార్క్ వేలంలో 50 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయిన తర్వాత, అది దేశం దాటిన తీరు మీద నైజర్ ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. అమెరికాలో ఉండే తెలుగువారికి ఏటా శీతాకాలం చివర అరిజోనాలోని టూసాన్ నగరంలో జరిగే రాళ్ల సంతలో ముక్కను చేత్తో పట్టి, చీటీ చదివి, బేరమాడే వీలుంది. మన దేశంలో ఉండి తెప్పించుకునేవారు ఛాయాచిత్రాలనూ చీటీనీ నమ్ముకోవలసిందే కనుక, పేరున్న పలక కొనడం వారికి మరింత అవసరం.

కనుక కోస్తాలో ఉన్నవారికి నా సలహా 10 నుంచి 20 గ్రాముల 869 పలక. దానిలోనూ లోహపు రవ్వలు ఉన్నాయి కాబట్టి డబ్బా, సిలికా జెల్ తప్పవు, అయితే ఇనుప పలకకు చేయవలసినంత సేవ అవసరం ఉండదు.

రెండవ నమూనాగా యూక్రైట్ అనే రాతి రకాన్ని ఎంచుకోవాలని కోరతాను. అప్పటి కృష్ణా జిల్లా విస్సన్నపేటలో 1997లో పడిన రాయి ఈ జాతిదే. భూమి మీద దొరికే నల్లరాయిని పోలిన ఈ రాళ్లు వెస్టా అనే గ్రహశకలం మీది లావానుంచి వచ్చాయని శాస్త్రజ్ఞులు భావిస్తూ వచ్చారు, 2011లో ఆ గ్రహశకలాన్ని చేరిన డాన్ అనే అంతరిక్ష నౌక పరిశీలనలు దాన్ని బలపరిచాయి. విస్సన్నపేట రాయిని కొనలేము, కొనాలని చూడనూ కూడదు. మన దేశంలో పడినవాటిని భద్రపరిచే పని కోల్‌కతాలోని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థది, కొత్తగా ఎక్కడైనా పడితే కూడా ఆ సంస్థకు తెలియజేయాలి. కాని సహారాలో దొరికిన యూక్రైట్లు సరసమైన ధరకే వస్తాయి. వాటిలో లోహం దాదాపు లేదు కాబట్టి సముద్రపు గాలికి భయపడనక్కరలేదు. అదే కారణంగా అయస్కాంతానికి అంటుకోవు, మామూలు నల్లరాయినుంచి కంటితో వేరుచేయడం కొత్తవారికి సాధ్యం కాదు. ఒక కాండ్రైట్‌ను కొంతకాలం దగ్గర పెట్టుకుని, చీటీలు చదవడం, పేర్లు సరిచూడడం అలవడిన తర్వాత దీని జోలికి వెళ్లడం క్షేమం.