లండన్ – ఆమ్‌స్టర్‌డామ్ విమానం: టికెట్‌లో గంటా ఇరవై, ఇంటి నుంచి ఐదు గంటలు

ఐదేళ్లుగా నెలకోసారైనా లండన్ హీత్రో నుంచి ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్‌కు వెళ్లొస్తున్నాను. మా ఆఫీసు రెండు ఊళ్లలోనూ ఉంది. కొత్తగా చేరినవాళ్లంతా ఎంత దూరం, ఎంతసేపు అని అడుగుతారు. దూరం చెప్పడం తేలికే, నేరుగా కొలిస్తే సుమారు 370 కిలోమీటర్లు. టైము దగ్గరే పొరబడతారు. నేనూ పొరబడ్డాను.

ఉదయం 7:00కు బయల్దేరి 9:20కి చేరుతుందని టికెట్ మీద ఉంటుంది. నెదర్లాండ్స్ టైము బ్రిటన్ కంటే ఏడాది పొడవునా గంట ముందుంటుంది కాబట్టి అసలు ప్రయాణం గంటా ఇరవై నిమిషాలే. అందులోనూ గాల్లో ఉండేది ముప్పావు గంట, మహా అయితే యాభై నిమిషాలు. కాఫీ ఇచ్చి కప్పులు వెనక్కి తీసుకునేలోపే విమానం దిగడం మొదలుపెడుతుంది.

మిగతా సమయం నేల మీదే గడుస్తుంది. స్కిపోల్‌లో పోల్డర్‌బాన్ అనే రన్‌వే ఉంది. 2003లో వాడకంలోకి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లకు మోత తగ్గాలని టెర్మినల్‌కు చాలా దూరంగా కట్టారు. దాని మీద దిగితే గేటు చేరడానికి పావుగంట పడుతుంది. మొదటిసారి కిటికీలోంచి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. మా విమానం మెల్లగా వంతెన మీద పోతోంది, కింద హైవే మీద కార్లు, లారీలు హెడ్‌లైట్లు వేసుకుని మా రెక్క కిందకు దూసుకొస్తున్నాయి. దాని కోసమే ఇప్పటికీ కిటికీ సీటు అడిగి తీసుకుంటాను.

ఆ తొలి రోజుల్లో టికెట్‌లోని టైమును నమ్మి 10 గంటలకు మీటింగ్ పెట్టుకున్నాను. పాస్‌పోర్టు క్యూలో నిలబడి గడియారం చూసుకుంటూ పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. అరగంట ఆలస్యంగా వెళ్లాను. అప్పటి నుంచి లెక్క ఇంటి గుమ్మం నుంచే. హీత్రో దగ్గర్లో మా ఇల్లున్న హౌన్‌స్లోలో 4:30కి బయటపడితే, స్కిపోల్ టెర్మినల్ కిందే ఉన్న స్టేషన్‌లో రైలెక్కి ఆఫీసు చేరేసరికి అక్కడి టైము 10:30. అంటే ఐదు గంటలు. 11కు ముందు ఏ పనీ ఒప్పుకోవద్దు.

తిరుగు ప్రయాణంలో గంట కలిసొస్తుంది. సాయంత్రం 6:00కు బయల్దేరితే 6:20కే లండన్‌లో ఉన్నట్టు చూపిస్తుంది. కానీ ఎదురుగాలి ఎక్కువ. హీత్రో దగ్గర రద్దీ ఉంటే ఊరికి ఈశాన్యంగా ఆకాశంలో రెండు మూడు చుట్లు తిప్పుతారు. పది, పదిహేను నిమిషాలు ఎక్కువే అనుకోండి.

రైలు సంగతీ చెప్పాలి. యూరోస్టార్ అనే రైలు లండన్‌లోని సెయింట్ పాంక్రస్ స్టేషన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డుకే సుమారు నాలుగు గంటల్లో తీసుకెళ్తుంది. గంట ముందు స్టేషన్‌లో ఉండాలి. నాకైతే ఇంటి నుంచి సెయింట్ పాంక్రస్‌కే మరో గంట, అందుకే విమానం. ఉత్తర లండన్‌లో ఉండేవాళ్లకు మాత్రం రైలే మేలు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ చూపిద్దామనుకుంటే ముందు వీసా చూసుకోండి. భారతీయ పాస్‌పోర్టు మీద బ్రిటన్ వీసా ఒక్కటే ఉంటే అక్కడికి చెల్లదు, నెదర్లాండ్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా వేరే తీసుకోవాలి. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎయిర్‌పోర్టుల్లో ఆ నడక ఆమె వల్ల కాదని, గంట ఎక్కువైనా రైల్లోనే తీసుకెళ్లాను.