రేసు కారు టైర్లు: ఇంట్లో ఎక్కించడం మేలా, షాపుకు పంపడం మేలా?

రోడ్డు కారుకు ఈ ప్రశ్నే రాదు. కొన్నేళ్లకోసారి టైర్లు మారతాయి, షాపువాళ్లే చూసుకుంటారు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో తరచూ వెళ్లే కారు సంగతి వేరు. ఎండకో సెట్టు, వానకో సెట్టు ఉంటాయి. మెత్తటి రబ్బరు చూస్తుండగానే అరిగిపోతుంది. శనివారం మధ్యాహ్నం ప్రాక్టీసులో టైరు కోసుకుపోతే ఆదివారం పొద్దున్నే తెరిచి ఉండే షాపు ఎక్కడో వెతుక్కోవాలి.

ముందుగా ఒక మాట. టైరును రిమ్ముకు ఎక్కించడం, బ్యాలెన్సింగ్ చేయడం (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా సరిచేయడం) రెండు వేర్వేరు పనులు. రెండింటికీ ఒకే సమాధానం వెతికితే డబ్బు వృథా అవుతుంది. 15 అంగుళాల అల్లాయ్ రిమ్ము, 195/55 కొలత టైరు ఉన్న చిన్న కారును లెక్కలోకి తీసుకుని చూద్దాం.

ఎక్కించడం: మాన్యువల్ ఛేంజరా, షాపు మెషీనా?

షాపు మెషీన్ వేగంగా పని చేస్తుంది. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) గట్టిగా ఉన్న టైరును కూడా రెండు నిమిషాల్లో ఎక్కించేస్తుంది. ఇబ్బంది మెషీన్‌తో కాదు, దాని నిర్వహణతో. రిమ్ము అంచు మీద జారే తలకు ఉండే ప్లాస్టిక్ తొడుగు అరిగిపోతే ఇనుము నేరుగా అల్లాయ్‌ని గీకుతుంది. రిమ్మును పట్టుకునే దవడల తొడుగులు ఊడినా అంతే. ఇవ్వబోయే ముందు ఈ రెండూ కళ్లారా చూడండి.

మాన్యువల్ ఛేంజర్ అంటే నేలకు బిగించే ఇనుప స్టాండు, మధ్యలో రిమ్మును పట్టే కోను, పక్కన బీడ్‌ను (రిమ్ములో కూర్చునే టైరు అంచును) విడగొట్టే చేయి, ఒక పొడవాటి కడ్డీ. అమెరికాలో ఆటోక్రాస్ కారు పోటీలు ఆడే మనవాళ్లలో చాలామందికి హార్బర్ ఫ్రైట్ పనిముట్ల దుకాణాల్లో దొరికే రకం పరిచయమే. దాంతో వచ్చే ఇనుప కడ్డీని అల్లాయ్‌ రిమ్ము మీద వాడకండి. నైలాన్ ముక్కు ఉన్న కడ్డీ విడిగా కొనాలి. స్టాండును కాంక్రీటు నేలకు నాలుగు యాంకర్ బోల్టులతో బిగించాలి. బిగించకుండా మొదలుపెడితే టైరు బదులు స్టాండే తిరుగుతుంది. ట్రాక్‌కు తీసుకెళ్లాలంటే రెండు పొరల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు బిగించి, పని చేసేటప్పుడు దాని మీద ఒక మనిషి నిలబడితే సరిపోతుంది.

ఇంట్లో చేసేవాళ్లు ఎక్కువగా ఓడిపోయేది రెండో బీడ్ దగ్గర. బీడ్ లోపల ఉక్కు తీగలుంటాయి, అవి సాగవు. రిమ్ము మధ్యలో ఉండే గుంటలోకి ఎదురు వైపు బీడ్ దిగితేనే ఇటువైపు బీడ్‌కు జాగా దొరుకుతుంది. కడ్డీ మరీ బరువుగా తగులుతోందంటే ఎదురు వైపు బీడ్ గుంటలోంచి బయటికి వచ్చేసిందని అర్థం. ఆగి, మోకాలితో అదిమి, మళ్లీ దింపాలి. మొండిగా లాగితే తీగ తెగుతుంది. తీగ తెగిన టైరులో గాలి కొట్టడం ప్రాణాపాయం. ఆ గుంట చాలా రిమ్ములలో బయటి ముఖానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ముఖం పైకి పెట్టి ఎక్కించాలి. కొన్ని రిమ్ములకు ఇది తిరగబడి ఉంటుంది. ముందే వేలితో తడిమి చూసుకోండి.

జారడానికి టైరు సోపు పేస్టే వాడాలి. గ్రీజు, ఇంజన్ ఆయిలు రబ్బరును పాడు చేస్తాయి, పైగా అవి ఆరవు. బ్రేకు వేసినప్పుడు రిమ్ము వెనకబడి, టైరు ముందుకు జారుతుంది. పేస్టు కూడా పలచగా, బీడ్ అంచు వరకే. ఎక్కించాక వాల్వ్ దగ్గర టైరు మీంచి రిమ్ము మీదికి ఒక తెల్ల గీత గీయండి. సెషన్ తర్వాత గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే టైరు జారినట్టే, చేసిన బ్యాలెన్సింగ్ కూడా పోయినట్టే.

గాలి కొట్టేటప్పుడు వాల్వ్ పిన్ తీసేస్తే గాలి వేగంగా లోపలికి వెళ్తుంది. పొడవాటి గొట్టం, పట్టుకుని ఉండే క్లిప్ వాడి పక్కకు నిలబడాలి. రెండుసార్లు 'టప్'మని చప్పుడు రావాలి. 40 పాయింట్ల దగ్గరకు వచ్చినా బీడ్ కూర్చోకపోతే అక్కడితో ఆపేసి, గాలి వదిలి, పేస్టు మళ్లీ రాసి ప్రయత్నించాలి. నలిగిపోయిన స్లిక్ (గాడులు లేని నున్నటి రేసు టైరు) బీడ్ అసలు గాలే పట్టకపోతే ట్రెడ్ చుట్టూ బెల్టు బిగిస్తే అంచులు వెడల్పవుతాయి. మండే స్ప్రేలు కొట్టి అగ్గిపుల్ల గీసే పద్ధతి జోలికి ఎవరూ వెళ్లొద్దు. కూర్చున్నాక బీడ్ పక్కనుండే సన్నగీత రిమ్ముకు చుట్టూ ఒకే దూరంలో ఉందేమో రెండువైపులా చూడాలి.

ఎక్కించే పనికైతే 15 అంగుళాల వరకు మాన్యువల్ ఛేంజర్‌కే మా ఓటు. డిసెంబరు చలిలో రబ్బరు బిర్రబిగుసుకుంటుంది కాబట్టి ముందు అరగంట ఎండలో పెట్టండి. 18 అంగుళాల రిమ్ము, 35 ప్రొఫైల్ టైరైతే షాపుకే ఇవ్వండి. అంత పొట్టి, గట్టి సైడ్‌వాల్‌తో చేతికడ్డీ పోరాటంలో రిమ్ము పాడవుతుంది.

బ్యాలెన్సింగ్: స్టాటిక్ స్టాండా, డైనమిక్ మెషీనా?

ముందు ఎంత బలం పుడుతుందో చూద్దాం. 195/55 టైరు 160 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 24 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున 10 గ్రాముల తేడా ఉంటే చక్రం ప్రతి చుట్టులోనూ 4 కిలోలకు పైగా బలంతో బయటికి లాగుతుంది. 80 వేగంలో అది నాలుగో వంతే. ఊళ్లో బాగున్న కారు ట్రాక్ స్ట్రెయిట్ మీద వణకడానికి కారణం ఇదే.

స్టాటిక్ స్టాండు అంటే చక్రాన్ని కోన్లతో ఒక ఇరుసు మీద బిగించి, ఆ ఇరుసును సన్నటి బేరింగుల మీద ఆనించడం. బరువైన వైపు కిందికి వస్తుంది, సరిగ్గా ఎదురుగా పైన వెయిట్లు (రిమ్ముకు అంటించే చిన్న బరువు బిళ్లలు) పెట్టాలి. మొదట టేపుతో అంటించి చూసి, చక్రాన్ని 3, 6, 9, 12 గంటల స్థానాల్లో వదిలితే ఎక్కడా కదలకుండా ఉండేదాకా 5 గ్రాముల చొప్పున సరిచేయాలి. తర్వాత ఆ బరువును సగం లోపలి అంచుకు, సగం బయటి అంచుకు పంచాలి.

స్టాండును నమ్మే ముందు రెండు పరీక్షలు చేయండి. బ్యాలెన్స్ అయిన చక్రానికి 3 గంటల స్థానంలో 5 గ్రాముల బిళ్ల అంటించండి. చక్రం కదలకపోతే బేరింగుల్లో గ్రీజు మందంగా ఉందన్నమాట. కడిగేసి పలచటి నూనె వేయాలి. రెండోది, కోన్లు వదులు చేసి చక్రాన్ని ఇరుసు మీద సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించండి. బరువైన చోటు మారిపోతే తప్పు కోనుది, చక్రానిది కాదు.

షాపులో, అంటే చక్రాన్ని తిప్పి కొలిచే డైనమిక్ మెషీన్ మీద కూడా, ఈ రెండో పరీక్ష అడిగి చేయించుకోవచ్చు. సున్నా వచ్చాక చక్రం వదులు చేసి సగం తిప్పి బిగించి మళ్లీ తిప్పమనండి. 10, 15 గ్రాములు చూపిస్తే ఆ మెషీన్ సున్నాకు విలువ లేదు. చాలా మెషీన్లు 5 గ్రాముల లోపు తేడాను సున్నాగానే చూపిస్తాయి, అసలు అంకె చూపే బటన్ వేరే ఉంటుంది.

అయినా డైనమిక్ మెషీన్ చేసే ఒక పని స్టాండుకు ఎప్పటికీ చేతకాదు. బయటి అంచున ఒకచోట, లోపలి అంచున దానికి ఎదురుగా మరోచోట బరువుంటే స్టాండు మీద చక్రం బుద్ధిగా నిలబడుతుంది. తిరిగేటప్పుడు మాత్రం అటూ ఇటూ ఊగుతుంది. రిమ్ము వెడల్పయ్యేకొద్దీ ఈ ఊపు పెరుగుతుంది. 6, 7 అంగుళాల వెడల్పు వరకు స్టాటిక్ సరిపోతుంది. 8 దాటితే, ముఖ్యంగా ముందు చక్రాలకు, డైనమిక్కే చేయించాలి.

నీటి బుడగ చూసి సరిచేసే రకం చవక, కానీ నేల కాస్త వాలినా అబద్ధం చెబుతుంది. ఇరుసు రకమే కొనండి.

ఎక్కడ చేయించినా వెయిట్లు మాత్రం మీరే అంటించండి. రిమ్మును బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, ఆరాక అంటించి, మీద అల్యూమినియం టేపు వేయాలి. బ్రేకు వేడికి జిగురు మెత్తబడి బిళ్ల ఎగిరిపోవడం మామూలే. బిళ్ల బ్రేకు క్యాలిపర్‌కు తగులుతుందేమో చేత్తో తిప్పి చూడాలి. వాడిన టైరైతే ట్రెడ్‌కు అంటుకున్న రబ్బరు ముద్దలు గీకి తీశాకే బ్యాలెన్స్ చేయాలి. ఒక చక్రం 60 గ్రాములకు మించి అడిగితే బిళ్లలు పెంచకండి. బీడ్ సరిగా కూర్చోలేదో, రిమ్ము వంగిందో చూడండి. రెండూ బాగుంటే టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పండి. కొత్త టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలికైన చోటు, వాల్వ్ పక్కన పెట్టాలి.

సొంతంగా కరెంటు ఛేంజర్, డైనమిక్ మెషీన్ కొనడం మూడు నాలుగు కార్లున్న జట్టుకే గిట్టుబాటు. ఒక్క కారున్నవాళ్లు ఎక్కించడం ఇంట్లో, బ్యాలెన్సింగ్ నమ్మకమైన షాపులో పెట్టుకుంటే మేలు. ఏడాదికి మూడు సెట్లు దాటి, రిమ్ము 7 అంగుళాల లోపుంటే ఇరుసు స్టాండు కూడా కొనేయండి. ఆదివారం పొద్దున టైరు కోసుకుపోయినా రేసు మిస్సవ్వరు.