నెల రోజుల ఓడ ప్రయాణం: గది, తిండి, ఖర్చు ఎట్లుంటయంటే

హనుమకొండ, కరీంనగర్ దిక్కు నుంచి పెద్ద ఓడలో నెల రోజులు పోయేవాళ్లు ముందు చూడాల్సింది గది. ఓడ నడిమధ్యన, కింది అంతస్తులో ఊపు తక్కువ. ముందు కొసన, పై అంతస్తుల్లో కడుపు తిప్పుతది. కిటికీ లేని గది చవకే, కానీ తెల్లారింది కూడా తెలువదు. అన్ని రోజులకు వద్దనే చెప్తాం.

తిండికి కొదువ లేదు, మన కారమే ఉండదు. శాకాహారులు బుకింగప్పుడే రాయించాలి. ఇంట్ల వండినవి చాలా ఓడలు రానియ్యవు. సీలు వేసిన సకినాలు, కారప్పొడి ప్యాకెట్లు సాధారణంగా పోనిస్తరు. రేవుల దిగేటప్పుడు మాత్రం వెంట పెట్టుకోవద్దు, కస్టమ్స్‌తో చిక్కు. ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్ అగ్గి భయంతో తీసి పక్కన పెడతరు.

అసలు దెబ్బ టికెట్‌లో లేని ఖర్చులది. చాలా ఓడల్లో తలకింత రోజువారీ టిప్పు, ఇంటర్నెట్, బట్టల ఉతుకు వేరే. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో లేకుంటే ఓడ నెట్‌వర్క్ పట్టుకుని రోమింగ్ బిల్లు వాచిపోతది.

తూర్పుకు పోతుంటే గడియారం గంట గంట ముందుకు జరిపి నిద్ర చెడగొడతరు. పడమరకు పోయే ఓడలో అప్పుడప్పుడు రోజుకు 25 గంటలొస్తయి. పెద్దవాళ్లకు ఆ దారే నయం.