ఓటు యంత్రాన్ని చదివించిన కోర్సు: ‘సాంకేతికత, రాజకీయాలు’ ఐచ్ఛిక పత్రంపై సమీక్ష

ఎం.ఏ. రాజనీతి శాస్త్రం రెండో సంవత్సరంలో నేను తీసుకున్న నాలుగు క్రెడిట్ల ఐచ్ఛిక కోర్సు గురించి, దానిని ఎంచుకోవాలా వద్దా అని అడుగుతున్న జూనియర్ల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నందున విశ్వవిద్యాలయం పేరు చెప్పడం లేదు. బీటెక్ చదివి ఇటు వచ్చినవాణ్ణి కాబట్టి, యంత్రం పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్న తప్ప, దానిని అలాగే ఎందుకు తయారుచేశారు, అందువల్ల ఎవరి బలం పెరిగింది అన్న ప్రశ్నలు నాకు అంతకుముందు తట్టలేదు. ఆ ప్రశ్నలు అడగడం అలవాటు చేసినందుకు ఈ కోర్సుకు రుణపడి ఉన్నాను.

పద్నాలుగు వారాల్లో ఈవీఎంకు కేటాయించిన నాలుగు వారాలే అసలైన చదువు. 1982లో కేరళలోని పరవూరు శాసనసభ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో తొలిసారి ఈ యంత్రాలను వాడారు. చట్టంలో అందుకు వీలు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ కేంద్రాల పోలింగును రద్దు చేసింది. బ్యాలెట్ పత్రాలతో మళ్లీ ఓటింగు జరిపితే గెలిచిన అభ్యర్థే మారిపోయాడు. ఆ తరువాతే చట్టాన్ని సవరించారు. యంత్రం ముందు వచ్చి చట్టం వెనుక నడిచిన ఈ తీరును మా అధ్యాపకురాలు తీర్పు పాఠాన్ని పేరా పేరా చదివిస్తూ వివరించారు.

ఇంకా బాగా చెప్పినది నల్లగొండ, నిజామాబాదుల పోలిక. ఫ్లోరైడ్ సమస్యను దేశం దృష్టికి తేవడానికి 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది బరిలో నిలిస్తే, బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. అదే ఏడాది సాధారణ అభ్యర్థుల డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. 2019లో నిజామాబాదులో పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు వేయడంతో అభ్యర్థుల సంఖ్య 185కు చేరింది. ఓటరు మీట నొక్కే పెట్టె అయిన ఒక బ్యాలెట్ యూనిట్‌పై 16 పేర్లే పడతాయి, పాత రకం యంత్రానికి నాలుగు యూనిట్లకు మించి తగిలించలేరు. అందువల్ల ఎం3 అనే కొత్త రకం తెప్పించి, ఒక్కో కేంద్రంలో 12 యూనిట్లు వరుసగా పేర్చారు. నిరసన తెలిపే హక్కుకు ఒకసారి డబ్బు, మరొకసారి తీగల సంఖ్య హద్దు గీయడం చూశాక, డిజైన్ అనే మాటను నేను మునుపటిలా వాడలేకపోతున్నాను.

తొమ్మిదో వారంలో ఇచ్చిన పని మాత్రం కొంత కలవరపెట్టింది. కాగితపు ఓట్ల కాలంలో వేర్వేరు కేంద్రాల బ్యాలెట్లను కలిపి లెక్కించే వీలుండేది. ఈవీఎం వచ్చాక ఏ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో ఫారం 20 అనే అధికారిక ఫలితాల పట్టికలో విడివిడిగా కనిపిస్తుంది. మా ఊళ్లో ఉన్నవి రెండే కేంద్రాలు. ఏ వాడ ఎటు మొగ్గిందో నాకు పది నిమిషాల్లో అర్థమైంది, అంటే సర్పంచి పదవిపై కన్నున్న వారికి ఎప్పుడో అర్థమై ఉంటుంది. అనేక యంత్రాల ఓట్లను కలిపి చూపే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించినా కేంద్రం ఒప్పుకోలేదు. ట్యాంపరింగ్ గురించి టీవీలో జరిగే రభసలో ఈ సంగతి ఎందుకు వినబడదో ఆలోచించదగ్గది.

ఇక లోపాలు. మొదటి మూడు వారాలు విదేశీ సిద్ధాంతాలకే సరిపోయాయి. బస్సుల్లో ప్రయాణించే పేదలు, నల్లజాతివారు రాకుండా, బస్సులు దూరని విధంగా న్యూయార్క్ లాంగ్ ఐలాండ్ వంతెనలను తక్కువ ఎత్తులో కట్టించారన్న అమెరికన్ పండితుడు లాంగ్డన్ విన్నర్ 1980 నాటి వాదనను తిరుగులేని సత్యంగా చెప్పారు. ఆ రోడ్లపై బస్సులకు ఎలాగూ నిషేధం ఉండేదన్న తరువాతి విమర్శ లైబ్రరీలో నాకు నేనుగా దొరికింది. ఆధార్‌పై సుప్రీంకోర్టు 2018లో 4–1 మెజారిటీతో ఇచ్చిన తీర్పు ఒక్క తరగతిలో ముగిసింది. ఈవీఎంలు తయారయ్యే ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ మా నగరంలోనే ఉన్నా, విభాగం లేఖ రాయడంలో జాప్యం చేయడంతో సందర్శన జరగలేదు. అన్నిటికన్నా పెద్ద లోటు, సెమిస్టర్ పత్రాన్ని ఇంగ్లీషులోనే రాయాలన్న పట్టుదల. రైతులతో తెలుగులో మాట్లాడి తెచ్చిన మాటలన్నీ నా అనువాదంలో పస కోల్పోయాయి.

మార్కుల కోసమే అయితే వేరే కోర్సు చూసుకోవడం మంచిది, ఇక్కడ దిద్దుబాటు కఠినం. చదవాలన్న కోరికతో చేరేవారు మాత్రం తమ ఊరి పోలింగ్ కేంద్రాల ఫారం 20ను ముందే దించుకొని పెట్టుకోవాలి. నాకు దొరికినది స్కాన్ చేసిన ప్రతి. అంకెలను చేత్తో ఎక్కించుకోవడానికి రెండు రోజులు పట్టింది.